పొయ్యి మీద ఉక్కు

కదులు. ఇంకొంచెం కదులు తల్లీ. తెర మీద నీలం గీత సగం దాటి అక్కడే ఆగింది, లేదు, ఆగలేదు, కదులుతోంది, రెప్ప వేయకుండా చూస్తే తెలియదు, కళ్ళు పక్కకు తిప్పి మళ్ళీ చూస్తేనే తెలుస్తుంది, గోడ అవతల మాత్రం ఏదీ ఇంత నెమ్మదిగా లేదు, అక్కడ ఫర్నేస్‌లో ఒక పెద్ద చక్రానికి సరిపడా ఉక్కు కరిగి ఉంది, దాని హోరు నేలలోంచి వచ్చి నా అరికాళ్ళలోకి, కుర్చీలోకి, కీబోర్డు మీద పెట్టిన వేళ్ళలోకి ఎక్కుతోంది, ఈ ల్యాబ్ గది కిటికీ అద్దం సన్నగా వణుకుతోంది. నాకు భయం వేయాలి. వేయడం లేదు. స్కూల్లో పరుగుపందెం రోజున ఈల ఊదే ముందు పిక్కల్లో ఒక బిగువు ఉండేది, ఇది అది. నీలం గీత చివరికి చేరాలి, ఈ కంప్యూటర్ లేవాలి, పక్కనున్న స్పెక్ట్రోమీటర్ ఉక్కు ముక్కను కాల్చి చూసి కార్బన్ ఎంత, మాంగనీస్ ఎంత అని చెప్పాలి, ఆ అంకెలు చూసి ఇన్‌స్పెక్టర్ సరేననాలి, అప్పుడే అప్పలరాజు ఉక్కును అచ్చులో పోస్తాడు. ఇదంతా ఉక్కు ఓపిక పట్టినంతలోనే జరగాలి. లేదంటే షెడ్డు వెనక ఇసుక గుంటలో పారబోయడమే.

షగుఫ్తా మేడమ్ వచ్చేసింది, ఇక బెంగ లేదు అని గురునాథరావుగారు ఇన్‌స్పెక్టర్‌కు చెప్పిన మాట ఇంకా నా చెవిలోనే ఉంది. ఆ మాట అన్న మనిషి ఇప్పుడు తలుపు దగ్గర నిలబడి కారు రిమోటు తాళాన్ని వేలికి తిప్పుకుంటున్నారు, ఒక చుట్టు, రెండు చుట్లు, ఆగడం, మళ్ళీ ఒక చుట్టు. పద్మనాభం ఊరి పక్క పల్లెలో వరి కోసిన చేతులు అవి, ఆటోనగర్‌కు వచ్చి వేరేవాళ్ళ కొలుముల దగ్గర వీపు కాల్చుకుని చివరికి ఈ షెడ్డు కట్టుకున్నాయి. క్రేన్ల కంపెనీ వాళ్ళకు పోసిన పోయినసారి చక్రం పగిలింది. మాంగనీస్ తగ్గిందన్నారు. ఇంకొక్క అవకాశం ఇస్తాం, కానీ మా మనిషి కళ్ళముందు, మీ ల్యాబ్‌లో, మీ యంత్రం మీద లెక్క తేలాకే పోయాలి అన్నారు. ఆ మనిషి ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చల్లారిన టీ పట్టుకుని గోడ మీది అమ్మవారి పటం చూస్తున్నాడు, మర్యాదస్తుడు, వాచీ చూసుకోవడం కూడా ఎవరూ చూడకుండా చూసుకుంటున్నాడు. ఈ ఆర్డరు పోతే ఫర్నేస్ మళ్ళీ వెలిగించనని గురునాథరావుగారు పొద్దున కూతురితో అన్నారట. కూతురు జ్యోతిర్మయి ఈ ల్యాబ్ కెమిస్టు. ఆ మాట నాకు చెప్పేటప్పుడు నా మొహం చూడకుండా ఉక్కు ముక్కను చూస్తూ చెప్పింది.

పొద్దున ఫోన్ కూడా తనే చేసింది, అక్కా, పాత కంప్యూటర్ డిస్కు కటకటమంటోంది అని. మద్దిలపాలెంలో మా సర్వీసు సెంటర్ నుంచి స్కూటీ మీద నేను ఇక్కడికి వచ్చేసరికి ఫర్నేస్ ఎక్కించేశారు, మొదటి శాంపిల్ లెక్క వచ్చేసింది, మాంగనీస్ తక్కువుంటే అప్పలరాజు ఇంకొంత వేశాడు, అది కలిసిందో లేదో రెండో శాంపిల్‌తో చూడాలనగా డిస్కు చివరిసారి కటకటమని మరి పలకలేదు. పోతే పోనీ అనుకున్నాను నేను. నిజంగానే అలా అనుకున్నాను, గుండె గంతులేస్తూ. ఎందుకంటే దాని అచ్చు నా దగ్గర ఉంది. వేసవిలో వచ్చినప్పుడు ఆ డిస్కు మొత్తాన్ని, విండోస్‌తో సహా, స్పెక్ట్రో సాఫ్ట్‌వేరు, దాని కొలతలు, జ్యోతి పెట్టుకున్న పువ్వుల వాల్‌పేపరు, అన్నింటినీ ఉన్నదున్నట్టు ఒక ఇమేజ్‌గా తీసి పెట్టుకున్నాను. డిస్క్ ఇమేజ్ అంటే ఏటి అని అప్పుడు అప్పలరాజు అడిగితే, నువ్వు చెక్క నమూనాను ఇసుకలో అదిమి అచ్చు తీస్తావు చూడు, అదే అన్నాను. ఆ ఇసుక ఉన్నంతకాలం చక్రం మళ్ళీ పోసుకోవచ్చు, ఇదీ అంతే, వేరే కంప్యూటర్‌లో పోస్తే ఆ పాతదే లేచి కూర్చుంటుంది.

వేరే కంప్యూటర్ ఉందా అంటే ఉంది. స్టోరు గదిలో పాలిథీన్ కవరు కప్పి, అటక మీద. పోతమ్మ దించుకొచ్చింది. పోతమ్మ ఈ ల్యాబ్ ఊడుస్తుంది, శాంపిళ్ళు మోస్తుంది, పేరు పెట్టి పిలవడానికి ఇన్‌స్పెక్టర్ కూడా జంకేంత గంభీరంగా ఉంటుంది. కవరు తీస్తే కొత్త పెట్టె, గీత కూడా పడలేదు, దాని నొసట మాత్రం పసుపు, దాని మీద కుంకుమ, దాని మీద మళ్ళీ పసుపు, మళ్ళీ కుంకుమ, పెచ్చులా కట్టింది. ఎప్పటికైనా పనికొస్తాదని కొన్నారట. పాతది నడుస్తూనే ఉంది, కొత్తది అటక దిగలేదు. దసరా వస్తే మాత్రం ఫర్నేస్‌తోపాటు, ఉక్కు పోసే లేడిల్‌తోపాటు దానికీ ఆయుధపూజ, బొట్టు, దండ, కొబ్బరికాయ, మళ్ళీ అటక. నాకు నవ్వొచ్చింది. అప్పుడు నవ్వుకోవడానికి టైముందనుకున్నాను.

పెన్ డ్రైవ్ పెట్టి స్విచ్ వేయగానే తెర మధ్య ఎర్ర గడి. సెక్యూర్ బూట్ ఉల్లంఘన, సంతకం చెల్లదు. సరే, వీడు నాకు తెలిసినవాడే. పోర్టు గేటు దగ్గర పాస్ చూసే కాపలావాడిలాంటివాడు, యంత్రం కళ్ళు తెరిచీ తెరవకముందే లేస్తాడు, తన దగ్గరున్న ముద్రలతో పోల్చి చూస్తాడు, ముద్ర లేనివాడు ఎంత మంచివాడైనా లోపలికి రానివ్వడు. నా పెన్ డ్రైవ్‌లో ఉన్న సాధనం పాతది, మంచిది, ముద్ర లేనిది. సెట్టింగుల్లోకి వెళ్ళి కాపలావాడిని కాసేపు పక్కన కూర్చోబెట్టాను, పనయ్యాక మళ్ళీ నిలబెడతాను, నాకు వాడి మీద కోపం లేదు. ఈసారి పెన్ డ్రైవ్ లేచింది. లేచి, ఈ పెట్టెలో డిస్కే లేదంది.

దీనికీ నవ్వొచ్చింది, ఎందుకంటే మధురవాడ కాలేజీ ల్యాబ్ గుర్తొచ్చింది. వరసల కొద్దీ కొత్త కంప్యూటర్లు, రేపు పరీక్ష, నేను ఉద్యోగంలో చేరిన కొత్త, నాతో సాయిశంకర్, ఏ ఒక్క దాంట్లోనూ డిస్కు కనబడదు. పిచ్చెక్కి మూత విప్పేశాం. సాయిశంకర్ సెల్‌ఫోను లైటు వేసి, నేల మీద బోర్లా పడుకుని లోపలికి చూసి, ‘ఓలక్కా, నా కళ్ళకి అగుపడతంది, దీనికే అగుపడ్డం నేదు, కళ్ళజోడు ఎట్టించాల’ అన్నాడు. ఆ రోజు నేర్చుకున్నాం. కంపెనీవాడు డిస్కుకు రెయిడ్ అని ఒక ముసుగు వేసి పంపిస్తాడు, ఆ ముసుగు వెనక ఉన్నది కొన్ని సాధనాలకు కనబడదు, సెట్టింగుల్లో ఒక్క మాట మార్చి ముసుగు తీసేస్తే ఎదురుగా కూర్చుని ఉంటుంది. ఇప్పుడూ తీశాను. కూర్చుని ఉంది. ఇమేజ్ పోయడం మొదలుపెట్టాను. ఎర్ర గడి, కనబడని డిస్కు, రెండూ దాటాను, అదిగో నీలం గీత, ముప్పావు వంతు దాటింది, కదులు.

అప్పలరాజు వచ్చాడు. కనుబొమ్మలు కాలి సగమే మిగిలిన మొహం, మెడలో తడి తువ్వాలు. లోపలికి రాడు, గడప దగ్గరే నిలబడతాడు, బూట్లకు ఇసుక ఉంటుందని పోతమ్మ తిడుతుంది.

‘బావా, ఇలా ఉడకబెడతా కూకుంటే లైనింగు తినీత్తాది. నాను సెప్పీసినాను మరి.’

‘నాకు సెప్తావేటిరా. ఆ పెట్టెకి సెప్పు’ అన్నారు గురునాథరావుగారు.

‘పెట్టెకేటి సెప్తాను, అది నా మాట ఇనదు. మాయమ్మ ఇంటాదేమోనని సూత్తన్నాను’ అని నావైపు గడ్డం చూపించాడు.

ఫర్నేస్ లోపలి పూత కరిగిన ఉక్కును పట్టుకుని ఉన్న మట్టి గిన్నె, ఎంతసేపు నిలిపితే అంత పలచబడుతుంది. అందుకని అప్పలరాజు పవర్ తగ్గించి ఉక్కును కునుకులో పెట్టాడు. మరీ తగ్గిస్తే చల్లబడుతుంది, చల్లబడితే మూతిలోనే గడ్డకడుతుంది. అప్పుడప్పుడు పవర్ పెంచి, అంటే లోడు ఎత్తి, లేపాలి, మళ్ళీ దించాలి, పసిపిల్లను జోకొట్టినట్టు. మా అమ్మమ్మ జైతూన్ నానీ, మా తమ్ముడు ఇమ్రాన్‌ను అలాగే ఊయలలో ఊపుతూ, ఒక చేత్తో ఊపుతూ, ఒక చేత్తో బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ఊపడం ఆపకుండానే నా వీపు మీద ఒకటి వేసేది, అబ్బా దుకాణం దగ్గర ఆటలాడకే అని. అబ్బా దుకాణం, మా నాన్నది, ఈ ఊరి పాతబస్తీలో మేడ మెట్ల కింద ఒక అలమారంత దుకాణం, గోడ నిండా గడియారాలు. కరీం బాషా వాచీలు అంటే కురుపాం మార్కెట్‌లో అందరికీ తెలుసు. సముద్రం పక్కనే, ఉప్పుగాలి, వాచీలకు అదే శత్రువు, స్టీలు గొలుసును తినేస్తుంది, స్ప్రింగును తినేస్తుంది. ఎవరైనా ఆగిపోయిన వాచీ తెస్తే అబ్బా విప్పేముందు ముళ్ళు చూస్తాడు, ఎక్కడ ఆగాయో చూసి ఒక కాగితం ముక్క మీద రాసి వాచీ కింద పెడతాడు. ఎందుకు అబ్బా అంటే, అది చివరగా చెప్పిన మాట అదే కదా, విప్పేశాక ఇక అడగలేం అనేవాడు. హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన మర్నాడు దుకాణం తలుపు పగలగొట్టి చూస్తే నీళ్ళలో గడియారాలన్నీ ఆగిపోయి ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కో టైము చూపిస్తూ. కింది వరస ముందు ఆగింది, పై వరస తరవాత ఆగింది. అబ్బా చాలాసేపు చూసి, నీళ్ళు ఎలా ఎక్కాయో ఇవే చెప్తున్నాయి చూడు అన్నాడు. ఏడుస్తాడనుకున్నాను. గడియారాలు చదువుతున్నాడు.

నీలం గీత చివరికి ఆనింది.

ఆ క్షణం గది మొత్తం నా భుజం మీదికి వంగింది, జ్యోతి జడ నా చెంపకు తగిలింది. రీస్టార్ట్. నలుపు. చిన్న చుక్కల వలయం తిరుగుతోంది, తిరుగుతోంది, తెర వెలిగింది, పువ్వులు. జ్యోతి పెట్టుకున్న పువ్వులే, అదే గులాబీ రంగు, కింద కుడిచేతి మూలన స్పెక్ట్రో గుర్తు, పసుపు, పసుపు, ఆకుపచ్చ. గురునాథరావుగారి వేలి మీద తాళం తిరగడం ఆగింది. ఇన్‌స్పెక్టర్ టీ గ్లాసు కింద పెట్టాడు. జ్యోతి రెండో శాంపిల్ తీసుకుని గ్రైండరు దగ్గరికి పరిగెత్తింది, ముక్కను అద్దంలా అరగదీయాలి, గ్రైండరు కీచుమంటోంది, గోడ అవతల హోరు ఒక మెట్టు పైకెక్కింది, అప్పలరాజు లోడు ఎత్తుతున్నాడు, కిటికీ అద్దం గడగడలాడింది, నా ముందు తెర టక్కున ఆరిపోయింది.

గోడ దగ్గర మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేసుకుని పోతమ్మ నిలబడి ఉంది.

‘లోడెత్తుతన్నారమ్మా, దించీసినాను’ అంది, రోజూ చేసే పని చేసినట్టే. అది రోజూ చేసే పనే. ఫర్నేస్ ఒక్కసారిగా లోడు లాగితే ఈ షెడ్డు మొత్తంలో కరెంటు తూలుతుంది, ఒకసారి ఆ తూలుడుకే పాత కంప్యూటర్ లోపల ఒక కార్డు కాలిపోయింది, అప్పటినుంచి రూలు, లోడు ఎత్తే ముందు ల్యాబ్ కంప్యూటర్ మెయిన్ దించాలి, హోరు నిలకడయ్యాక మళ్ళీ వేయాలి. యూపీఎస్ ఉబ్బిపోయి మూలన పడి ఉంది. పోతమ్మ తప్పేం లేదు, పరవాలేదు, ఇమేజ్ డిస్కు మీద ఉంది, కరెంటు పోతే ఎక్కడికీ పోదు, ఇంకోసారి లేస్తుంది. హోరు నిలకడైంది. పోతమ్మ స్విచ్ వేసింది. నలుపు, చుక్కల వలయం, తిరుగుతోంది, తిరుగుతోంది, ఇప్పుడు పువ్వులు రావాలి.

నీలం తెర. బూట్ అయ్యే పరికరం అందడం లేదు.

గ్రైండరు ఆగింది. ఇంకోసారి. మళ్ళీ నీలం తెర. ఇమేజ్ చెడిందా, డిస్కు చెడిందా, కరెంటు పోయినప్పుడు ఏదైనా సగంలో విరిగిందా, మళ్ళీ పోస్తే, మొదటి నుంచి పోస్తే, అంతసేపు ఉక్కు ఆగుతుందా, ఆగదు, అయినా పోయక తప్పదు, పెన్ డ్రైవ్ పెట్టు, ఆలోచించకు, చేతులు కదిలించు, పెట్టాను, స్విచ్ వేశాను. ఎర్ర గడి.

సెక్యూర్ బూట్ ఉల్లంఘన. సంతకం చెల్లదు.

ఆగు.

షగుఫ్తా, ఆగు. నా వెన్నులో ఏదో గిర్రున తిరిగింది, జ్వరంలాంటిది, పండగలాంటిది. ఈ గడి రాకూడదు. ఈ కాపలావాడిని నేను పక్కన కూర్చోబెట్టాను. నా చేత్తో ఆఫ్ చేశాను, సేవ్ చేశాను, చేశానా, చేశాను, చేయకపోతే పెన్ డ్రైవ్ లేచేది కాదు, ఇమేజ్ పడేది కాదు, పువ్వులు వచ్చేవి కావు. ఆఫ్ చేసినవాడిని ఎవరో మళ్ళీ నిలబెట్టారు. వాడిని నిలబెట్టినవాళ్ళే డిస్కుకు మళ్ళీ ముసుగు వేసి ఉంటారు. అందుకే నీలం తెర. ఇమేజ్ బాగానే ఉంది, డిస్కు బాగానే ఉంది, లేచిన విండోస్‌కు తన డిస్కే కనబడటం లేదు, కళ్ళజోడు లేక, ఓరి సాయిశంకరూ, నువ్వు ఇక్కడుండాల్సింది. కానీ ఎవరు మార్చారు? ఈ కుర్చీలోంచి నేను లేవలేదు. కీబోర్డు మీద వేరే చెయ్యి పడలేదు. మధ్యలో జరిగింది ఒక్కటే.

సెట్టింగుల్లోకి వెళ్ళాను. సెక్యూర్ బూట్, ఆన్. డిస్కు, రెయిడ్. నేను మార్చినవన్నీ, నేను రాకముందు ఎలా ఉన్నాయో అలా. నాకే తెలియకుండా నా కన్ను పై మూలకు వెళ్ళింది. అబ్బా కూతురిని కదా, ఎక్కడికెళ్ళినా ముందు టైము చూస్తాను, ఇందాక మాత్రం తొందరలో చూడనేలేదు. పై మూలన తేదీ, జనవరి ఒకటి, రెండువేల పంతొమ్మిది. టైము, అర్ధరాత్రి దాటి కొన్ని నిమిషాలు. పోతమ్మ స్విచ్ వేసి అన్ని నిమిషాలే అయ్యుంటుంది.

ఇది చివరగా చెప్పిన మాట ఇదే. ఈ యంత్రానికి ఏమీ గుర్తుండటం లేదు. కరెంటు పోయిన ప్రతిసారీ కంపెనీలో పుట్టిన రోజుకు వెళ్ళిపోతోంది, టైము మర్చిపోతోంది, నేను చెప్పిందల్లా మర్చిపోతోంది, కాపలావాడిని నిలబెట్టి ముసుగేసుకుని కూర్చుంటోంది. తీగ పీకినా గుర్తుంచుకోవడానికి దాని లోపల రూపాయి బిళ్ళంత ఒక బ్యాటరీ ఉంటుంది, గడియారాన్ని నడిపేది అదే, సెట్టింగులను మోసేది అదే. అది చచ్చిపోయింది. ఎందుకు చచ్చిపోయింది? పెట్టె నొసటి వైపు చూశాను. పసుపు, కుంకుమ, పసుపు, కుంకుమ. కరెంటు మీద ఉన్న కంప్యూటర్‌లో ఆ బిళ్ళకు పెద్ద పనుండదు, అటక మీద ఉన్నదానిలో అదొక్కటే రాత్రీ పగలూ మేలుకుని ఉంటుంది. ఎన్ని దసరాలు దీనికి బొట్టు పెట్టారు, దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, ఒక్క దసరాకైనా స్విచ్ వేయలేదు. ఆ చీకట్లో, ఆ ఉప్పుగాలిలో ఆ బిళ్ళ ఒక్కతే టైము లెక్కపెట్టుకుంటూ అరిగిపోయింది.

నేను నవ్వేశాను. గట్టిగానే నవ్వినట్టున్నాను, గురునాథరావుగారు లోపలికి వచ్చేశారు.

‘ఏటమ్మా. ఔతాదా, అవ్వదా? ఒక్క మాట సెప్పీ, గుంటలో పోయించీత్తాను.’

అవుతుందన్నాను. చిన్న బిళ్ళ బ్యాటరీ కావాలన్నాను. గోడ గడియారంలో పెన్సిల్ బ్యాటరీ, పనికిరాదు. నా చేతి వాచీ కీ ఇచ్చేది, బ్యాటరీయే లేదు. ల్యాబ్ త్రాసు, కరెంటుది. అబ్బా దుకాణంలో ఇవి డబ్బా నిండా ఉంటాయి, కానీ ఆటోనగర్ ఎక్కడ, పాతబస్తీ ఎక్కడ. గాజువాక జంక్షన్‌లో దొరుకుతుంది, లారీల మధ్య వెళ్ళి వచ్చేసరికి ఉక్కు రాయవుతుందని జ్యోతి అంది. ఆ మాట సగంలో ఆపి తండ్రి చేతివైపు చూసింది. నేనూ చూశాను. మేమిద్దరం చూస్తున్నదేమిటో అర్థమయ్యి ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

‘నా కారు తాళం విప్పీత్తావేటి?’

‘బ్యాటరీ మాత్రమే సార్. తాళం మీదే.’

‘ఇచ్చీ బావా’ అని గడప దగ్గర్నుంచి అప్పలరాజు. ‘కారు ఎప్పుడైనా ఎల్తాది. ఉక్కు ఆగదు.’

ఇచ్చారు. జడపిన్ను జ్యోతిది, గోరు నాది, తాళం నోరు తెరిచింది, లోపల మెరుస్తూ అదే సైజు బిళ్ళ. అల్లా, అదే సైజు. తీగ పీకాను, మూత విప్పాను, లోపల దుమ్ము లేదు, ఎక్కడో కుంకుమ మాత్రం రాలింది. పాత బిళ్ళ చుట్టూ పచ్చటి పొడి, ఉప్పు తిన్న గుర్తు. పంజాబీ డ్రెస్ చున్నీ కొసతో ఆ చోటు తుడిచాను, మళ్ళీ తుడిచాను, అబ్బా వాచీ వెనక తుడిచినట్టు నోటితో ఊదకుండా, ఊపిరిలో తడి ఉంటుంది, ఊదకే అనేవాడు. కొత్త బిళ్ళ టక్‌మని కూర్చుంది. తీగ పెట్టాను. తేదీ సరిచేశాను, నా చేతి వాచీ చూసి టైము సరిచేశాను, అబ్బా ఇచ్చిన వాచీ, ఒక్క నిమిషం తప్పదు. డిస్కు ముసుగు తీశాను. సేవ్. పెన్ డ్రైవ్ అక్కర్లేదిక, కాపలావాడు నిలబడే ఉండనీ, విండోస్‌కు ముద్ర ఉంది. నలుపు, వలయం, పువ్వులు. పసుపు, పసుపు, ఆకుపచ్చ.

జ్యోతి అరగదీసిన ముక్కను చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉంది. ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. అప్పుడు అప్పలరాజు అరిచాడు, ఉక్కు చల్లబడిపోతోంది, ఇప్పుడే లోడు ఎత్తాలి, ఇక ఒక్క క్షణం ఆగనని. పోతమ్మ చెయ్యి మెయిన్ స్విచ్ మీదికి వెళ్ళి అక్కడే ఆగింది. గురునాథరావుగారు దించొద్దని చెయ్యి ఊపారు. జ్యోతి దించొద్దంది. ఇప్పుడే లేచింది, పడుకోబెట్టకండి. పోతమ్మ ఎవరి మాటా వినలేదు, నా మొహంలోకి చూసింది.

‘దించమంటావా, వొద్దంటావా?’

దించకపోతే కరెంటు తూలినప్పుడు కార్డు కాలవచ్చు, లెక్క మధ్యలో ఆరిపోవచ్చు, ఏమీ కాకపోవచ్చు కూడా. దించితే, నేను అనుకున్నది నిజమైతే, ఏమీ కాదు. నేను అనుకున్నది నిజం కాకపోతే ఇవాళ్టికి ఇంతే, ఈ షెడ్డుకు ఇంతే. గడియారాలు చదివిన మొహం ఒకటి కళ్ళముందు కనబడింది, తడి గోడకు ఆనుకుని, మోకాళ్ళదాకా బురద.

‘దించీ పోతమ్మా.’

ఆరింది. అద్దం గడగడలాడింది, హోరు నేలలోంచి నా మోకాళ్ళదాకా ఎక్కింది, పుర్రెదాకా ఎక్కింది, ఆ చీకటి తెరలో నా మొహం, నా వెనక నాలుగు మొహాలు, ఎవరివి ఎవరివో తెలియలేదు. హోరు నిలకడైంది. పోతమ్మ స్విచ్ వేసింది, మామూలుకంటే మెల్లగా, పడుకున్నవాళ్ళను లేపుతున్నట్టు. నలుపు. వలయం. తిరుగుతోంది. తిరుగుతోంది. నేను వలయాన్ని చూడటం మానేసి నా వాచీని చూశాను, ముల్లు నడుస్తోంది, తల ఎత్తితే పువ్వులు, కింద మూలన టైము, నా చేతి మీద ఎంతుందో అంత.

ఆకుపచ్చ.

జ్యోతి ముక్కను బిగించి మీట నొక్కింది, లోపల మెరుపు చిటచిటమంది, మండిన లోహం వాసన, ఒకసారి, జరిపి రెండోసారి, ఇంకోసారి, తెర మీద అంకెలు గంతులేసి సర్దుకుని కూర్చున్నాయి. మాంగనీస్ ఉండాల్సిన చోట ఉంది. ఇన్‌స్పెక్టర్ వంగి చదివాడు, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివాడు, తల ఊపి, పోయండి అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట. అప్పలరాజు అప్పటికే గడప దగ్గర లేడు.

అందరం షెడ్డులోకి పరిగెత్తాం, ఇసుక అని పోతమ్మ కూడా ఎవరినీ తిట్టలేదు. ఫర్నేస్ వంగింది. కళ్ళు మూసుకున్నా రెప్పల వెనక కనబడే తెలుపు, లేడిల్ నిండింది, క్రేను దాన్ని అచ్చు మీదికి తెచ్చింది, అప్పలరాజు కాళ్ళు ఎడంగా పెట్టి లేడిల్ పక్కనున్న చిన్న చక్రం తిప్పి దాన్ని వంచాడు, సన్నటి ధార, తెగకుండా, వణక్కుండా, చెంబులోంచి పాలు పోసినట్టు, అచ్చు లోపల గడగడమని, చివరికి పైనున్న రంధ్రంలోంచి ఉక్కు ఎర్రగా తొంగి చూసింది. నిండింది. అతను లేడిల్ ఎత్తి తువ్వాలుతో మొహం తుడుచుకుని, పెద్దగా నవ్వలేదు, చేతిలో గరిటె ఒకసారి ఇసుకలో గుచ్చాడు.

గురునాథరావుగారు ఇన్‌స్పెక్టర్ గారిని తానే స్వయంగా దింపుతానంటూ ఆయన మోచెయ్యి పట్టుకుని గేటువైపు నడిపించారు, అచ్చువైపు వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ, జేబులోంచి తాళం తీసి అలవాటుగా కారువైపు నొక్కారు. కారు పలకలేదు. మళ్ళీ నొక్కారు. తాళాన్ని తిప్పి చూశారు, మూత కూడా లేని దాని ఖాళీ నోరు చూశారు, నన్ను చూశారు.

‘ఆటో పిలండర్రా’ అన్నారు, నవ్వు ఆపుకోలేక.

ఫర్నేస్ ఆగిపోయింది. షెడ్డంతా ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమంటే దూరంగా పోర్టులో ఓడ కూత వినబడింది. నా అరికాళ్ళలో మాత్రం అది ఇంకా మోగుతోంది.